శబ్దం లేని సీరియల్

నీలం నగర్, సోలాపూర్
9 జులై 1997

చిరంజీవి శాంతకు, నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించి నీ తాత పెంటయ్య రాసేది. ఇంటిల్లిపాది మంచిగున్నరు, నేనొక్కన్నే మంచిగ లేను. కారణం కప్పులు. పోయినేడు మీ అమెరికా సాబ్ మనింటికొస్తడని మీ నాయనమ్మ అశోక్ చౌక్‌ల చీనీ కప్పులు కొన్నది గద. అప్పటిసంది నా స్టీలు గిలాస దాచిపెట్టింది. ఆ కప్పు చెవిల నా వేలు పట్టది, పట్టితె రాదు. అంత పెద్ద సాబే తాగిండు, నీకేం రోగమని అంటది యల్లమ్మ. సాబ్ ఒక్కనాడు తాగి పోయిండు, నేను రోజూ తాగాలె గద!

నీ ఉత్తరం ముట్టింది. కండ్లద్దాలు పెట్టుకొని చదివిన, తీసి తుడుచుకొని మల్ల చదివిన. క్లిఫర్డ్ సాబ్ వాళ్ళ దేశంల దవాఖానల పడ్డడని, డాక్టర్లు చేతులెత్తేసిన్రని రాసినవ్. అక్కడికెల్లి నీకు ఫోన్ చేపించి, సోలాపూర్ గల్లీల నా సీరియల్ ఇంకా చూస్తున్నరా అని ఒక్కటే మాట అడిగిండంట. మీ చానలోల్లు ఆ సీరియల్‌ను ఎండకాలంలనే బందు పెట్టిన్రు. చూస్తున్నరని అబద్ధమాడాల్నా, బందైందని చెప్పి పోయే పాణాన్ని ఉసూరుమనిపియ్యాల్నా, నువ్వే చెప్పు తాతా అన్నవ్. బొంబాయి ఆఫీసుల గంతమంది సదువుకున్నోల్లను ఇడిసిపెట్టి ఏడో తరగతి తప్పినోన్ని అడిగినవ్ చూడు, నీ తెలివికి మెచ్చిన.

చెప్త. గాని ముందు నీకు తెల్వని ముచ్చట ఒకటున్నది.

సాబ్ మనింటికొచ్చిననాడు, ఆయన బతుకు ముచ్చట మాకు తెలుగుల చెప్పింది నువ్వే. న్యూయార్క్‌ల టీవీ కంపెనీల టపా పంచే పనితోని మొదలువెట్టిండు. ఏ ఊర్లె ఎంతమంది ఏం చూస్తున్నరో లెక్కగట్టే కుర్చీకెక్కిండు. ఆఖరికి ఏ సీరియల్ బతకాలె, ఏది సావాలె అని చెప్పే పెద్ద కుర్చీల కూసున్నడు. దేశం దేశమంత రాత్రి బువ్వ తినుకుంట ఏం చూడాలెనో ఆయన మాట మీదనే ఉండేదంట. అది ఇని పక్కింటి మల్లప్ప, మా ఇంట్ల రిమోటు నా పెండ్లాం చేతుల నుంచి తీసుకునుడే నాతోని కాదు, ఈయన ఎంత మొగోడో అన్నడు. అదొక్కటి నువ్వు సాబ్‌కు చెప్పలే. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నవ్.

ఆనాడు గోడకు అటు సాంచాలు, ఇటు సాంచాలు, కరెంటు మగ్గాలన్ని దడదడ నడుస్తున్నయ్. మన గల్లీల టీవీకి బొమ్మే గాని శబ్దం ఎక్కడిది? ఆ చప్పుడు నడుమ బతికినోల్లం, పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకునేటోల్లం. నువ్వు తెలుగుల రాసి పంపే కథ చదువుకొని, నేను టీవీ పక్కన నిలబడి చేతులతోని చెప్పేటోన్ని. సముద్రం నడుమ దీపస్తంభం. దాన్ల ఒంటిగ ఒక ముసలోడు. ఆయన మీద అలిగి పోయిన దోస్తొకడు, పడవ నడిపేటోడు. మాటలు లేకున్నా, దోస్తు పడవ రాళ్ళకు తగలొద్దని ముసలోడు రోజూ దీపం ముట్టిస్తడు. బీడీలు చుట్టే ఆడోల్లు చేతులు ఆపకుండ, కండ్లు నా మీద పెట్టి ఏడ్సేటోల్లు. యమునాబాయి అయితె ఆకు వంకర కత్తిరించేది. సాబ్ అది చూసి గడప మీదనే నిలవడ్డడు.

తర్వాత యమునాబాయి నిన్ను రొట్టె తినిపియ్యనీకి గుంజుకపోయింది, యాదికున్నదా? అప్పుడు సాబ్ నాతోని మాట్లాడిండు. కప్పు చెవిల ఇరికిన వేలు ఎట్లనో గుంజుకొని, నా లెక్కనే చేతులెత్తిండు. టీవీ దిక్కు చూపిచ్చి రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టిండు. ఇద్దరు దోస్తులమన్నట్టు. గాలిల రాసినట్టు చేసి ఒక వేలును చూపిచ్చిండు. కథ రాసింది ఆ దోస్తన్నట్టు. అటెనుక తన ఛాతీ మీద కొట్టుకొని, వేళ్ళను కత్తెర లెక్క ఆడిచ్చిండు. నడుమల కోసింది నేనే అని. సగం నేసిన బట్టను మగ్గం మీద కోస్తె నేసినోని పాణానికి ఎట్లుంటదో మనకు ఒకరు చెప్పాల్నా? ఆ దోస్తు వేలును మెల్లగ ముడిచిండు. మాటలు కలవకుండనే పాణం ఇడిసిండన్నట్టు. మిగిలిన ఒక్క వేలును అట్లనే నిలవెట్టి ఉంచిండు. నేను నా వేలు తీసుకపోయి దాని పక్కన పెట్టిన. ఇంకేం చెయ్యాలె బిడ్డా?

చూసేటోల్లు లేరని లెక్కగట్టి కోసిన సీరియల్‌ను, ముసలితనంల మల్ల బయటికి తీసి దేశాల మీదికి పంపిండు. ఎక్కడన్న చూసేటోల్లు దొరుకుతరేమోనని. మన గల్లీల దొరికిన్రు. ఇప్పుడు బందైందని రాసినవంటె, ఆయన చేతనే మల్లోసారి కోపిచ్చినట్టయితది.

గందుకే చూస్తున్నరనే రాయి. అబద్ధమని భయపడకు, ఎందుకో కింద రాస్త. యాల్లకు తిను. లోకల్ రైల్ల తలుపుకాడ నిలవడకు.

ఇట్లు,
కప్పుల వేలు ఇరికిన నీ తాత
పెంటయ్య

తా.క. సీరియల్ బందు కాలే శాంతా, ఖరే చెప్తున్న. చానల్ల బందైంది, గల్లీల కాలే. నువ్వు పంపిన కథ సగంల ఆగింది గద, అక్కడికెల్లి నేనే అల్లుతున్న. అదే వారం, అదే యాల్లకు, టీవీ మీద గుడ్డ కప్పి పక్కన నిలబడుతున్న. మల్లప్ప పెండ్లాం గూడ రిమోటు పక్కకు పెట్టి వస్తున్నది. పోయిన వారం పడవోడు దీపం దిక్కు తెడ్డేసిండు. పడవ ఇంకా ముట్టలే.

ఒక్క తుంటరి పని చేసిన, తిట్టకు. కథ నాదంటె ఈ గల్లీల ఎవరు ఇంటరు? గందుకే, సాబ్ దవాఖానల పండుకొని మన కోసమే వారం వారం రాసి పంపుతున్నడని చెప్పిన. ఇగ చూడు, పొద్దుగాల లేస్తె అందరు సాబ్ పాణం ఎట్లున్నదనే అడుగుడు. యమునాబాయి ఆయన పేరు మీద రోజూ దీపం పెడ్తున్నది. ఆయన పోతె నా బండారం బయటపడ్తది. గందుకే, పడవ దీపస్తంభానికి ముట్టేదాక జర ఆగుమని రాయి. నేను మెల్లగనే నడుపుతున్న.