పింజ గురించి నేనేమీ అనను

ఒకటో తేదీ, సోమవారం. ఉదయం 5.40

ఈ రోజు నుంచి నెలాఖరు దాకా కుక్కల జాతుల గురించి నోరెత్తను. రాసి, కింద సంతకం కూడా పెడుతున్నాను.

కారణం: నిన్న చెల్లెలు ఫోన్ చేసింది. ఏడాది తర్వాత. ఇల్లు రెండు వీధుల అవతలే.

కిందటేడు మేనకోడలి పుట్టినరోజున వాళ్ళు కొత్తగా కొన్న కుక్కపిల్లను అందరూ ముద్దు చేస్తుంటే, నేను కేకు కూడా కోయనివ్వకుండా ఉపన్యాసం ఇచ్చానట. పూడుల్‌నీ స్పానియెల్‌నీ కలిపి, రెండు పేర్లనూ సగానికి నరికి అతికించి, అదేదో గొప్ప జాతి అని అమ్మడం దగా అన్నాను. దీని తల్లిని మీరు కళ్ళారా చూశారా అని అడిగాను. ఫోటో చూసి కొన్నారట. ఫోటో చూసి కర్టెన్లు కొంటారు, ప్రాణం కాదు అన్నాను. చెల్లెలు లేచి లోపలికి వెళ్ళిపోయింది. అంతటితో మాటలు బంద్.

ఇప్పుడు బావగారు తన రంగుల దుకాణంలో నిచ్చెన మీంచి జారి చీలమండ విరగ్గొట్టుకున్నారు. పింజను (కుక్క పేరు) పొద్దున్నే తిప్పే మనిషి లేడు. "నువ్వు తిప్పుతావా అన్నయ్యా?" అంది. గొంతులో ఇంకా కొంచెం బిగువు ఉంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

మా ఆవిడ పెట్టిన షరతులు:

జాతి అనకూడదు. జన్యువు అనకూడదు. వీధికుక్కల ఊసు ఎత్తకూడదు. "అసలు" అనే మాటతో ఏ వాక్యమూ మొదలుపెట్టకూడదు, ఎందుకంటే నా ఉపన్యాసాలన్నీ అక్కడే మొదలవుతాయట.

ఇదేమంత కష్టం? ఇరవయ్యేళ్ళుగా బడిలో జీవశాస్త్రం చెబుతున్నవాణ్ణి. పిల్లల్ని నోరు మూయించడం వచ్చినవాడికి తన నోరు మూసుకోవడం రాదా?

రెండో తేదీ, మంగళవారం. ఉదయం 7.30

మొదటి నడక. దివ్యంగా జరిగింది.

పింజ గోధుమ రంగులో ఉంటుంది. ఒళ్ళంతా ఉంగరాల జుట్టు. కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. నన్ను చూడగానే తెలిసినవాణ్ణి చూసినట్టు ఊగిపోయింది. దాని మీద నేనన్న మాటలు దానికెవరూ చెప్పినట్టు లేరు.

ఈ రకం కుక్కలకు జుట్టు రాలదని చెల్లెలు మళ్ళీ చెప్పింది. నా ప్యాంటు నిండా జుట్టే. కిమ్మనకుండా దులుపుకుని వచ్చాను. నన్ను నేను మెచ్చుకుంటున్నాను.

నాలుగో తేదీ, గురువారం. సాయంత్రం 6.15

చెల్లెలింట్లో టీ. బావగారు కాలు స్టూలు మీద పెట్టుకుని, పక్కింటాయనకు పింజ ఘనత వివరిస్తున్నారు. తెలివి తండ్రి వైపు నుంచీ, ప్రేమ తల్లి వైపు నుంచీ వచ్చాయట. రెండు జాతుల్లోని లోపాలు మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుని పోయాయట.

లోపాలు అలా మర్యాదగా పోతాయా? నాలుక కరుచుకున్నాను. మంచినీళ్ళు అడిగాను. మళ్ళీ అడిగాను. మా ఆవిడ నా వైపు గర్వంగా చూసింది. పెళ్ళయ్యాక అలా చూడటం ఇదే మొదటిసారి అనుకుంటాను.

ఏడో తేదీ, ఆదివారం. మధ్యాహ్నం

ఒక చిన్న సవరణ. షరతులు ఇంట్లోవాళ్ళ దగ్గరే వర్తిస్తాయి, బయటివాళ్ళ దగ్గర కాదు. ఎందుకంటే లోపల అణుచుకుంటే రక్తపోటు పెరుగుతుంది.

పొద్దున జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళి, కత్తెర ఆయనకు మొత్తం చెప్పాను. ముద్దుగా ఉంటాయని రెండు జాతుల్ని కలపడం, పుట్టినవాటిలో అమ్ముడుపోనివాటిని ఏమి చేస్తారో ఎవరూ అడగకపోవడం, బోనులో ఈనుతూనే ముసలిదైపోయే తల్లికుక్క, అన్నీ. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. చివర్లో అద్దం పట్టి మెడ వెనక చూపిస్తూ, "మా పాప కూడా కుక్క కావాలంటోంది సార్. ఇంతకీ మీరు చెప్పిన వాటిలో ఏది కొనమంటారు?" అన్నాడు.

పదో తేదీ, బుధవారం. ఉదయం 8.00

పార్కులో పింజ పావురాల వెంట పరిగెత్తింది. మధ్యలో ఎడమ వెనక కాలు పైకెత్తేసి, మిగతా మూడు కాళ్ళ మీద గెంతింది. మళ్ళీ కాలు దించి మామూలుగా పరిగెత్తింది. కాసేపటికి మళ్ళీ అదే.

ముల్లేమో అనుకున్నాను. పాదం వేళ్ళ మధ్య వెతికాను. ముల్లు లేదు.

మోకాలి చిప్ప పక్కకు జారితే కుక్కలు ఇలాగే గెంతుతాయి. ఇటు పూడుల్‌లోనూ ఉంది ఆ జబ్బు, అటు స్పానియెల్‌లోనూ ఉంది. పుట్టే పిల్లలకూ వస్తుంది.

చెల్లెలికి చెప్పాలి. కానీ ఎలా చెప్పినా అది జాతి గురించే అవుతుంది. షరతు షరతే. పైగా నేను పశువుల డాక్టర్ని కాను.

పదకొండో తేదీ, గురువారం. సాయంత్రం 7.00

పింజకు సంబంధం కుదిరింది.

పెళ్ళికొడుకు పళ్ళ డాక్టరుగారి కుక్క. తెల్లటిది, అందులోనూ రెండు మూడు జాతులు కలిశాయట. ఒక్క కాన్పు చాలు, ఆడపుట్టుక పుట్టాక ఒక్కసారైనా తల్లి కావద్దా అంటోంది చెల్లెలు. పిల్లలు కావాలని ఇప్పటికే చుట్టాలు చెప్పేసుకున్నారు. ఈ ఆదివారం వాళ్ళు ఇక్కడికి వస్తారు, ఇరవై ఒకటిన పింజను అక్కడికి తీసుకెళతారు.

పింజ ఎడమ వెనక కాలు వైపు చూశాను.

"ఏంటన్నయ్యా, నువ్వేమీ అనలేదు?" అని చెల్లెలు అడిగింది. ఎప్పుడు తిట్టు పడుతుందా అన్నట్టు చూస్తోంది.

"ఏమంటాను? బాగుంది" అన్నాను.

చెల్లెలి మొహం వెలిగిపోయింది. చిన్నప్పుడు నా సైకిలు తొక్కనిచ్చిన రోజున చూశాను ఆ మొహం. ఇంకో కప్పు టీ తెచ్చి, తన చేత్తో చక్కెర కలిపి ఇచ్చింది. ఏడాది తర్వాత దొరికిన టీ. తాగాను.

పదమూడో తేదీ, శనివారం. మధ్యాహ్నం

బడిలో వంశపారంపర్యం పాఠం. బఠానీల దగ్గర మొదలుపెట్టి కుక్కల్లోకి వెళ్ళిపోయాను. గంట కొట్టినా ఆపలేదు. ఇది సిలబస్సు కాబట్టి లెక్కలోకి రాదు.

చెప్పాల్సిన చోట తప్ప అన్ని చోట్లా చెబుతున్నాను.

పద్నాలుగో తేదీ, ఆదివారం. సాయంత్రం 5.30

ఇరుపక్షాల సమావేశం, చెల్లెలింట్లో. పళ్ళ డాక్టరుగారూ, ఆయన కుక్కా వచ్చారు. బావగారు దుకాణం నుంచి షేడ్ కార్డు తెప్పించారు. గోధుమ రంగూ తెలుపూ కలిస్తే పిల్లలు ఏ రంగులో పుడతాయో దాంట్లో వేలు పెట్టి చూపిస్తున్నారు. మీగడ రంగు ఖాయమట. జుట్టు రంగు డబ్బాలో రంగులా కలవదు బావగారూ అని చెప్పబోయి, బిస్కెట్టు నోట్లో కుక్కుకున్నాను.

తర్వాత పుట్టబోయే జాతికి పేరు పెట్టాలన్నారు. సైన్సు తెలిసినవాణ్ణి కదా అని నా వైపు తిరిగారు. అన్ని జాతుల పేర్లలోంచీ తలా ఒక ముక్క తీసి ఒక పేరు అతికించి ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే, నాకు బాగానే అనిపించింది. ఆ పేరు ఇక్కడ రాయను.

పింజ వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది.

పదహారో తేదీ, మంగళవారం. ఉదయం 8.10

ఇవాళ నడకలో ఎక్కువసార్లు గెంతింది.

నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను. మంచి మాట చెబితే ఏడాది వెలి వేశారు. ఇప్పుడు పుట్టే పిల్లలన్నీ కుంటితే అప్పుడు తెలుస్తుంది నా విలువ.

(సాయంత్రం: పైన రాసింది చదివితే నామీద నాకే అసహ్యం వేసింది. కొట్టేయకుండా ఉంచుతున్నాను.)

పంతొమ్మిదో తేదీ, శుక్రవారం. ఉదయం 9.00

ఈ రోజు బడికి సెలవు పెట్టాను.

పార్కు నుంచి వచ్చాక పింజ మెట్ల దగ్గర ఆగిపోయింది. ఎక్కలేదు. కాలు మడిచి, నా మొహంలోకి చూసి మూలిగింది. ఎత్తుకున్నాను. మూడు అంతస్తులు. నా చెవి పక్కన ఊపిరి వదులుతూ ఒక్కసారి కూడా కదల్లేదు. అంత నమ్మకం నామీద ఎవరికీ లేదు, మా ఆవిడతో కలిపి.

చెల్లెలు తలుపు తీసింది. ఇక ఆగలేదు. ఆగలేదంటే, తోడేళ్ళు మనిషి దగ్గరికి చేరిన రోజుల నుంచి మొదలుపెట్టాను. మచ్చికలోంచి జాతులకు వచ్చి, జాతుల్లోంచి కలపడాలకు రాబోతున్నాను. కుక్క నా చేతుల్లోనే ఉంది. బావగారు టీవీ కట్టేశారు.

"అన్నయ్యా, దానికేమైందో చెప్పు" అంది చెల్లెలు.

చెప్పాను. మోకాలి చిప్ప జారుతోందనుకుంటున్నాను, డాక్టరుకు చూపించాలి, అదే అయితే పిల్లల్ని కననివ్వకూడదు. మూడు ముక్కలు. పది రోజుల కిందటే చెప్పవలసినవి.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పింజను నా చేతుల్లోంచి తీసుకుని, "రేపు తీసుకెళదాం. నువ్వూ రా" అంది. ఆ నెమ్మదే నాకు అంతుపట్టలేదు.

ఇరవయ్యో తేదీ, శనివారం. మధ్యాహ్నం 1.30

పశువుల ఆసుపత్రి. డాక్టరమ్మ పింజను పక్కకు పడుకోబెట్టి మోకాలిని బొటనవేలితో నెట్టింది. చిప్ప పక్కకు జరిగింది. కాలు చాపగానే వెనక్కి వచ్చింది. ఆ చప్పుడు నా చెవులకు వినిపించిందో లేదో తెలియదు కానీ, నా ఒంట్లో ఎక్కడో తెలిసింది.

ఆపరేషన్ అవసరం కావచ్చు అంది. ఎక్స్‌రే తీసి నిర్ణయిస్తుందట. బరువు పెరగనివ్వొద్దు, మెట్లు ఎక్కనివ్వొద్దు. పిల్లల మాట మరిచిపొమ్మంది.

"ఎప్పటి నుంచి ఇలా గెంతుతోంది?" అని అడిగింది.

"పది రోజులైంది" అన్నాను, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.

"ఆరు నెలలైంది" అంది చెల్లెలు.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. పింజ మధ్యలో. చెల్లెలు దాని కాలు నిమురుతూ చెప్పింది.

"వానల్లో మొదటిసారి చూశాను. కాలు జారిందేమో అనుకున్నా. తర్వాత అలా అనుకోలేకపోయా. మీ బావకి చెబితే వదినకి చెబుతారు. వదినకి తెలిస్తే నీకు తెలుస్తుంది. నువ్వు, నేను ముందే చెప్పాను అంటావు. ఆ మాట పడలేక చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఒకసారి ఈనితే ఒళ్ళు గట్టిపడుతుందని ఎవరో అంటే నమ్మేశాను. నమ్మితే నీకు చెప్పక్కర్లేదు కదా."

నేనేమీ అనలేదు. ఈసారి షరతు గుర్తొచ్చి కాదు.

నేను ఆ పుట్టినరోజున చెప్పినవన్నీ నిజాలే. వాటిలో ఒక్కటీ వెనక్కి తీసుకోను. కానీ వాటిని ఎలా చెప్పానంటే, నా తోడబుట్టినది ఒక కుంటికుక్కను నాకు కనపడకుండా దాచింది. దాచిన ఆరు నెలలూ నొప్పి పడింది మాత్రం పింజ. నాకు ఏడుపొచ్చింది. దాని జుట్టు కంట్లో పడిందన్నాను. జుట్టు రాలదని చెప్పానుగా అంది చెల్లెలు, కళ్ళు తుడుచుకుంటూ.

ఇరవై రెండో తేదీ, సోమవారం. ఉదయం 5.50

ఈ రోజు నుంచి కొత్త నిర్ణయం. "నేను ముందే చెప్పాను" అనే మాట నెలాఖరు దాకా నా నోట రాకూడదు. సంతకం.

ఇదేమంత కష్టం?

ఉదయం 7.20: మా ఆవిడ గొడుగు మరిచిపోయి అకాల వానలో తడిసి వచ్చింది. "నేను ముం" దాకా వచ్చి దగ్గులోకి మార్చాను. పూర్తికాలేదు కాబట్టి లెక్కలోకి రాదు.

ఉదయం 8.45: బావగారు కట్టులోకి స్కేలు దూర్చి గోక్కుంటే అది లోపల ఇరుక్కుపోయిందట. ఫోన్‌లో మొత్తం వాక్యం అనేశాను. రెండుసార్లు. పళ్ళ డాక్టరుగారు ఇంకో సంబంధం వెతుక్కుంటున్నారని కూడా ఆయనే చెప్పారు. చొక్కా వేసుకుని డాక్టరుగారింటికి బయల్దేరబోతే మా ఆవిడ చెప్పులు దాచేసింది. రేపు ఆయన్ను, మీ కుక్క మోకాళ్ళు చూపించారా అని ఒక్క ప్రశ్న మాత్రం అడిగివస్తానని ఒప్పందం.

సాయంత్రం 6.30: చెల్లెలు ఫోన్.

"పింజ సోఫా మీంచి దూకింది అన్నయ్యా. నేను వంటింట్లో ఉన్నాను, చూసుకోలేదు. కాలు కింద పెట్టట్లేదు. ముందు నీకే చేస్తున్నాను."

సోఫా ఎక్కనివ్వొద్దని శనివారం నేను ముందే చెప్పాను. ఈ డైరీకి తప్ప ఎవరికీ చెప్పడం లేదు.

"ఏ కాలు?" అన్నాను.

చెప్పులు వెతుకుతున్నాను. పొద్దుటి బావగారి సంగతి వదిలేసి, నిర్ణయం ఇప్పటి నుంచి మళ్ళీ మొదలు.