కషాయం ఆపమని

కృపక్కా,

"ఆకులు నూరే కొలువేందే అని నవ్వెటిదాన్ని, గిప్పుడు నీ దవాయే తాగుతున్న. ఇగ దవాఖాన సూదులెందుకు?" అని నిన్న ఫోన్లో అన్నావు. ఆ మాటకే ఇది రాస్తున్నాను.

మా ల్యాబ్‌లో నువ్వు తాగుతున్న ఆ ఆకు రసానికి క్యాన్సర్ కణాలు చనిపోయిన మాట నిజమే. పక్క గిన్నెలోని మంచి కణాలు కూడా చనిపోయాయి. అది మనిషికి ఇవ్వవచ్చో లేదో మాకే ఇంకా తెలియదు. బావ ఎంత ప్రేమగా కాచి ఇచ్చినా తాగకు.

సోమవారం జహీరాబాద్ బస్టాండులో ఉంటాను, సూదికి కలిసి పోదాం. దానితో తప్పక నయమవుతుందా అంటే గట్టిగా చెప్పలేను. కానీ ఆ సూదులతో బాగై ఇంటికి వచ్చినవాళ్లు ఉన్నారక్కా. మా ఆకుతో అలా వచ్చినవాళ్లు ఇంకా ఎవరూ లేరు.

నీ చెల్లె