తెడ్డు కొరికిన మావయ్య

ఆదివారం, నవంబరు 2016

చర్చి అయ్యాక, ఒకప్పుడు తెప్ప మీద వేటకెళ్లిన మావయ్యని నా కొత్త కయాక్ ఎక్కించాను. కళింగపట్నం దగ్గర నడుం లోతు నీళ్లే. “ప్లాస్టిక్ తెప్ప!” అని నవ్వాడు.

కొంత దూరం పోయాక నా తెడ్డు లాక్కుని, ఒక కొస నీళ్లలో ముంచి, రెండోది పళ్లతో కరిచిపట్టుకున్నాడు.

“గొరక సేపలు అరుస్తన్నాయిరా. గేలం ఇక్కడెయ్యి.”

ఆయనకి పదేళ్లుగా చెవుడు. నమ్మకుండానే వేశాను. పడింది! నా ఒళ్లో గొరగొరమంటున్న చేపని చూసి, “అరుస్తన్నాదేటి?” అని నన్నే అడిగాడు.

ఇంటికొచ్చి, చెవుల్లో దూది పెట్టుకుని, మోగుతున్న ఫోన్‌కి గరిటె ఆనించి కాడ కొరికాను. పళ్లలోంచి తలంతా పాట!

పదేళ్లుగా మేమంతా ఆయన చెవిలోనే అరుస్తున్నాం.