కందులకు పట్టించిన ఎర్రమన్ను

అరసికెరె, పావగడ తాలూకా
10-5-1943

అన్న సుంకన్నకు చెల్లెలు దాసమ్మ దండాలు. ఇక్కడ వానలు లేవని విని అమ్మ దిగులు పడుతోందట. మా విత్తనం భద్రంగా ఉందని చెప్పు.

కోత కాగానే మా అత్త విత్తనపు కందులకు ఎర్రమన్ను పూసి, ఎండబెట్టి, బానలో పోసింది. మన ఇంట్లోలాగా ఆముదం పట్టించినా పురుగు రాదు కదా అన్నాను. "ఆముదం పట్టిచ్చిన గింజను మనమే వండుకుంటామమ్మా. మన్ను పట్టిచ్చినంక అది చేనుది, మనది కాదు" అన్నది.

మొన్న ఇంట్లో పిడికెడు రాగిపిండి కూడా లేదు. పాప ఏడుపు వినలేక బానలో చేయి పెట్టాను. గుప్పెడు కందులు తీసి, మళ్ళీ అందులోనే వదిలేశాను. చేయి కడుక్కునేలోపే అత్త వచ్చి, ఎర్రబడిన నా అరచేతిని చూసింది. తిడుతుందనుకున్నాను. తన అరచేయి చాపింది. అదీ ఎర్రగానే ఉంది. "నేనూ బాన కాడికి పొయ్యొచ్చినాలేమ్మా" అన్నది. ఇద్దరమూ ఒకే చెంబు నీళ్ళతో చేతులు కడుక్కున్నాము. పొద్దుగూకేసరికి మా ఆయన కూలి రాగులు తెచ్చాడు. సంగటి తిన్నాము.

మన ఎర్రావు ఈనిందా? అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఇటు ఎవరైనా వస్తుంటే అమ్మ పాత చీర ఒకటి పంపు, పాపకు లంగా కుట్టాలి. అందరినీ పేరుపేరునా అడిగానని చెప్పు.

వచ్చే కోతకు మీరూ విత్తనానికి ఎర్రమన్నే పట్టించండి. ఇంట్లో ఎవరి చేయైనా ఎర్రగా కనబడితే మాత్రం ఏమీ అనవద్దని వదినకు చెప్పు.