సండేస్కూల్ ప్లాన్ చూశాను

ఏవండీ,

నేను డ్యూటీకి వెళ్తున్నాను. పప్పు ఫ్రిజ్‌లో ఉంది, అన్నం మాత్రం పెట్టుకోండి. మూడింటికి హెప్సీని స్కూల్ నుంచి తీసుకురండి. రెయిన్‌కోటు ఇంట్లోనే మర్చిపోయింది, పట్టుకెళ్ళండి.

టేబుల్ మీద మీరు పెట్టిన వచ్చే ఏడాది సండేస్కూల్ ప్లాన్ చదివాను. బాగుంది. కానీ వెకేషన్ బైబిల్ స్కూల్‌ని మే నెలలో వేశారు. మేలో వేసవి సెలవులు గుంటూరులో. ఇక్కడ లోయర్ హట్‌లో కాలాలు తలకిందులు, అప్పుడు పిల్లలు చలిలో బడికి పోతుంటారు. పాస్టర్ గారు చూడకముందే, ఇక్కడ వేసవి సెలవులుండే జనవరికి మార్చండి.

పసిపిల్లల క్లాసుకు ఏడాదంతా నా పేరే రాశారు. నన్ను అడగలేదు. అడిగితే సరేననేదాన్ని, అందుకే అడగలేదేమో.

కెజియా

ఇంకో మాట. పెద్దలకు శిష్యత్వం క్లాసు మీరే చెబుతున్నారు కదా. ఈ ఊరు వచ్చాక నేను ఒక్క ప్రసంగమూ చివరిదాకా వినలేదు. పసిపిల్లల గదిలోకి గోడ అవతలి నుంచి ఆమెన్ ఒక్కటే వినిపిస్తుంది. మీ క్లాసులో వెనక వరసలో నాకో కుర్చీ వేయండి. ఆ గంట పసిపిల్లల దగ్గర ఎవరుంటారో మీరే చూడండి. ప్లాన్ వేయడం మీకు బాగా వచ్చు.