రెంజల్‌లో ఆగిపోయిన దొర

సాయన్నా, శనార్థి.

నువ్వు పోయి ఐదు నెలలు దాటింది. మార్కెట్ యార్డుకు కొత్త పసుపు రావడం మొదలైంది. కమీషన్ దుకాణంలో పొద్దంతా లెక్కలు రాసి, చేతులు కడుక్కొని ఈ కాగితం ముందు కూర్చున్న.

ఆదివారం సాయంత్రం రెంజల్‌లో మన బుర్రకథ ఉన్నది. నువ్వు ఆపిన చోటి నుంచి నేను చెప్పాలట. నేను! ఇన్నేండ్లు నీ పక్కన వంతగాడినై గుమ్మెట కొట్టుకుంట, నువ్వు అన్నదానికి "అవునన్నా" అనడం తప్ప ఏం చేసిన?

రెంజల్‌లో ఆ రోజు ఏమైందో నీకు పూర్తిగా తెలియదు కదా... కథలో దొరను పడవలో తెచ్చి, నది ఒడ్డు కోటలో వేసి, ఇనుప తలుపు మూసే దగ్గర నువ్వు గుండె పట్టుకొని కూర్చున్నవు. జనం అది ఆట అనుకొని చప్పట్లు కొట్టిన్రు. పోశెట్టిది హాస్యం వంత కదా, "అయ్యో, కోట మెట్లు ఎక్కేసరికే మా దొరకు ఆయాసమొచ్చె!" అన్నడు. అందరూ నవ్విన్రు. నువ్వు లేవలేదు. నిజామాబాద్ దవాఖానకు చేరేసరికి నీకు తెలివి లేదు. ఆనాటి నుంచి పోశెట్టి ఎవరినీ నవ్వించలేదు.

మన జట్టు పద్ధతి నువ్వే పెట్టినవు. "కథ ఏ ఊర్ల ఆగిందో ఆ ఊర్లనే మంగళం పాడాలె. అప్పటిదాక ఇంకో ఊర్ల గజ్జె కట్టొద్దు" అనేవాడివి. వాన వచ్చి ఆగినా, కరెంటు పోయి ఆగినా మళ్ళీ పోయి పూర్తి చేసి వచ్చేవాళ్ళం. ఇప్పుడు వేల్పూర్ వాళ్ళు పిలిచినా, పోచంపాడ్ వాళ్ళు పిలిచినా రాలేమనే చెప్తున్న. రెంజల్ పెద్దమనుషులు మాత్రం కబురు మీద కబురు పంపుతున్నరు. అక్కడి సంతలో మరాఠీ మాట్లాడే ఒక ముసలామె పోశెట్టి చెయ్యి పట్టుకొని అడిగిందట... దొర బతికిండా, చచ్చిండా అని.

నా భయం కూడా అదే అన్నా. దొర బతికిండా, చచ్చిండా?

బోధన్‌లో ఫ్యాక్టరీ క్వార్టర్ల అరుగు మీద మిషన్ బడి సారు మనిద్దరికీ చెప్పిన కథ ఇది. మిగతా కథలు అందరూ చెప్తున్నరని నువ్వు ఈ ఇంగ్లండు దొరను ఎత్తుకున్నవు. రాజు వేటకు పోతే పక్క గుర్రం ఆయనదే. రాజు భోజనానికి కూర్చుంటే పక్క కుర్చీ ఆయనదే. "గా కుర్చీకి ముందుగాల్నే టువ్వాల ఏసి పెట్టిండా అన్నా, బోధన్ బస్సుల సీటు తీర్గ?" అని పోశెట్టి అడిగితే నువ్వే నవ్వు ఆపుకోలేక పాట మరిచేవాడివి. రాజు మాటకు కొలువంతా అవునన్న చోట దొర ఒక్కసారి కాదన్నడు. రాజు పట్టి కోటలో వేయించిండు.

ఆ తర్వాత? నువ్వు వేల్పూర్‌లో చెప్పిననాడు దొర తల పోయింది. పోచంపాడ్‌లో చెప్పిననాడు రాజు ఏడ్చి, కౌగిలించుకొని విడిచిపెట్టిండు. ఎందుకిట్ల మారుస్తున్నవని అడిగితే, "ముందల కూసున్నోళ్ల మొఖం సూడు తమ్మీ, మొఖమే చెప్తది" అనేవాడివి. నాకు అంతు పట్టేది కాదు. ఒక కూడికకు రెండు జవాబులు ఎట్ల ఉంటయి?

మొన్న పోశెట్టి విప్పి చెప్పిండు. ఈమధ్యనే మనిషి పోయిన ఇంటివాళ్ళు ముందు వరసలో కనబడితే నువ్వు దొరను బతికించేవాడివట. పోచంపాడ్‌లో ఆ రోజు, చేపలకు పోయి తిరిగి రాని ఒకాయన భార్య కూర్చున్నదట...

మరి ఆదివారం ముందు వరసలో ఎవరుంటరు? వదిన. నీ బిడ్డ లావణ్యను కూడా తీసుకొస్తనన్నది. అందుకే నిన్న పొద్దున మీ ఇంటికి పోయి, "వదినా, భయపడకు. దొర బతుకుతడు" అని చెప్పిన.

వదిన బీడీలు చుడుతున్నది. చెయ్యి ఆపలేదు. "నాకోసమా తమ్మీ?" అన్నది. తల ఊపిన. అప్పుడు చాట పక్కకు జరిపింది.

"బతికియ్యకు. గిన్ని రోజుల సంది ఆయన గా కోటలనే ఉన్నడు. తలుపు మూసే ఉన్నది. ఇంకెన్ని దినాలు ఉంచుతరు? సంపి బయటకు తీస్కరా."

నేను ఆమె ఎదురుగా కింద కూర్చున్న.

"ఇంకోటి. దొర సచ్చినంక దొరసాని ఏం జేసింది? పిల్లలను ఎట్ల సాదింది? మీ అన్న తల తెగంగనే మంగళం పాడుతుండె. అడిగితే జనం లేస్తరే అంటుండె. గది చెప్పు నాకు."

నిజమే కదా అన్నా? తల తెగినంక జనం చెప్పులు వెతుక్కుంటరు. నువ్వు ఆ సగం వదిలేసినవు. కానీ సారు చెప్పిన నాడు నేనూ అరుగు మీదనే ఉన్న, కొంత గుర్తున్నది. రాజు వాళ్ళ భూములు గుంజుకున్నడు. ఒకప్పుడు మర్యాదకు లేచి నిలబడ్డవాళ్ళే దొరసాని ఎదురైతే మొఖం తిప్పుకున్నరు. ఆమె ఇద్దరు కొడుకులను, బిడ్డను తీసుకొని తమ్ముని ఇంటికి చేరింది. నాయన పేరు చెప్పడానికి పిల్లలు భయపడితే, రోజూ తినే ముందు ఆ పేరు వాళ్ళ నోట పలికించేది. ఆ రాజు పోయినంక పెద్ద కొడుకు కొత్త రాజు కొలువుకు పోయి, నేను ఫలానా దొర కొడుకునని నిలబడి చెప్పిండు.

అంతే... బిడ్డ ఏమైంది? సారు చెప్పిండా, నేనే మరిచిన్నా? సారు కూడా లేడు. నా అంతట నేను కల్పించి, దానికి మంచి సంబంధం, పెద్ద ఇల్లు ఇయ్యొచ్చు. నువ్వైతే ఇచ్చేవాడివి. నాకు చేతకాదు. ఎదురుగా లావణ్య కూర్చొని ఉంటది కదా, దాని కండ్లలోకి చూసి ఏం చెప్పాలె?

తెలియదనే చెప్త.

తల తియ్యడానికి దొరను మెట్లు ఎక్కించే దగ్గర నీ మొఖం కనబడుతదేమో. కనబడినా ఆగను అన్నా. ఆ తలుపు తీస్త. నిన్ను ఇంక అక్కడ ఉంచను. తర్వాత దొరసాని కథ పట్టుకొని నడుస్త. జనం లేచి పోతే పోనీ. వదిన లేచేదాక మంగళం పాడను.

నీ తమ్ముడు,
గంగాధర్