పొంగు అనే మాటకు వారసులు

నేను, మేకల సంపూర్ణ, తండ్రి కీ.శే. తోమాసు, వయసు యాభై ఏళ్లు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా టేకులపల్లిలో సొంత డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుకుంటూ, దేవుని కృపతో నిండు తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టప్రకారం రాసుకున్న వీలునామా ఇది. వచ్చే నెల ఖమ్మంలో నా గుండెకు ఆపరేషన్ ఉంది. డాక్టరమ్మ భయం లేదంది. చావంటే నాకూ భయం లేదు. ఒక తప్పు దిద్దకుండా పోతానేమోనన్నదే బెంగ. నాకు భర్త, పిల్లలు లేరు. ఇంతకుముందు ఏ వీలునామా రాయలేదు. దీన్ని అమలు చేయవలసినవారు దస్తావేజులు రాసే రామ్‌చందర్ గారు. "ఇసుంటియి దస్తావేజుల ఉండొద్దమ్మా" అని ఆయన కొట్టేసిన వాక్యాలను నేను మళ్లీ పెట్టించాను.

1. మా అన్న మేకల క్రాంతికుమార్ ఖమ్మంలో ఫిజిక్స్ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఎనిమిదేళ్ల కింద విశ్వం పుట్టుక మీద ఆయన రాసిన పుస్తకాన్ని నేను టైపు చేశాను. ఆయన చేతిరాత ప్రతి, రెండు వందల పది కాగితాలు, నా బీరువా పై అరలో ఉంది. దాన్ని ఆయనకే ఇస్తున్నాను. ఎందుకో అందరికీ తెలియాలి.

మొదటి క్షణాన్ని కోట్ల కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్కంత కాలంలో, ఇప్పుడు మనకు కనిపించే విశ్వమంతా అణువు కన్నా చిన్నదిగా ఉండి, ఒక్కసారిగా లెక్కకందనంత ఉబ్బిందని ఒక సిద్ధాంతం. ఇంగ్లీషులో దాన్ని ఇన్‌ఫ్లేషన్ అంటారు. అన్న డిక్షనరీ చూసి పుస్తకమంతా 'ద్రవ్యోల్బణం' అని రాశారు. నూట పన్నెండు చోట్ల.

"అన్నా, ద్రవ్యోల్బణమంటే ఉల్లిగడ్డల ధర పెరిగేది గదా" అన్నాను.

"ద్రవ్యమంటే పదార్థం, ఉల్బణమంటే ఉబ్బుడు. నీ టెన్త్ చదువుకు గదంత ఎందుకే? కొట్టమన్నది కొట్టు" అన్నారు.

నేను గొంతు పెంచలేదు. అది నాకు రాదు. "ఆ ఉబ్బుడు ఆగినంకనే పదార్థం పుట్టిందని పదిహేడో పేజీల నువ్వే రాసినవు గదన్నా. పుట్టని పదార్థం ఎట్ల ఉబ్బుతది?" అని అడిగాను. ఆయన చాయ్ వదిలేసి లేచిపోయారు. మర్నాడు ఫోన్ చేసి "ఏదన్న ఒకటి పెట్టు, జల్దీ కానియ్యి" అన్నారు.

నేను 'పొంగు' అని పెట్టాను. విభక్తులు మారతాయి కాబట్టి కంప్యూటరుకు వదలకుండా ఒక్కొక్కటీ నేనే మార్చాను.

ఆవిష్కరణ సభలో పెద్దలందరూ ఆ మాటనే మెచ్చుకున్నారు. అన్న మైకు ముందు, "పొద్దున పాలు కాగబెడుతుంటే తట్టింది" అన్నారు. ఆయన జన్మలో స్టవ్ వెలిగించలేదు, వదినను అడగండి. తర్వాత నన్ను చూపించి, "మా చెల్లె, టైపు కొట్టింది. తప్పులుంటే ఆమెయి, ఒప్పులుంటే నాయి" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు.

కాబట్టి ఆ నూట పన్నెండు తప్పులనూ దాన విక్రయాది సర్వహక్కులతో అన్నకే రాసిస్తున్నాను. ఆయన వాటిని పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించవలసినది.

2. ప్రభువు క్షమించమన్నాడు. ప్రతి నెలా ప్రభు భోజనం తీసుకునే ముందు అన్నను క్షమిస్తూనే ఉన్నాను. క్షమించడం వేరు, ప్రూఫు దిద్దడం వేరు.

3. నా పాత కంప్యూటరు, అందులోని పుస్తకం ఫైలు అన్న కూతురు స్తుతికి. పాత ఫాంటులో కొట్టిన ఆ ఫైలు వేరే కంప్యూటరులో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గీతలవుతాయి. రెండో ముద్రణ వేయాలని అన్న ఈ ఏడు మూడుసార్లు వచ్చారు. "ఫైలే గదా, పెన్‌డ్రైవ్‌ల ఏసియ్యి" అన్నారు. "చూస్తనన్నా" అన్నాను. చూశాను. షరతులు ఇవి.

నా జ్ఞాపకార్థ కూటంలో, సంఘం అందరి ముందూ, అన్న తన చేతిరాతలోని పదిహేడో పేజీని ఒక్క మాట మార్చకుండా చదవాలి. చదివాక, పొంగు అనే మాట తనది కాదని చెప్పి, ఎవరిదో చెప్పాలి. కళ్లజోడు మరిచిపోయానని అనకుండా ఆ పేజీని పెద్ద అక్షరాల్లో జిరాక్స్ తీశాను. వచ్చినవాళ్లకు పంచడానికి మరో రెండు వందలు తీసి కట్ట కట్టాను.

ఇంకొకటి. పొంగు గురించి సిద్ధాంతాలు చాలా ఉన్నాయని, ఏదీ ఇంకా పూర్తిగా రుజువు కాలేదని చెప్పే ఆఖరి అధ్యాయాన్ని అన్న, "చదివేటోళ్లకు అనుమానాలు ఎందుకు" అని తీయించారు. ఫైలులో అది భద్రంగా ఉంది. అదీ అచ్చు కావాలి. దేవుడు చేసిన పని మనకు పూర్తిగా అర్థం కాలేదని ఒప్పుకోవడంలో నామోషీ ఏముంది?

ఇవి జరగకపోతే తండ్రి ఎంత అడిగినా కూతురు ఫైలు ఇవ్వకూడదు. స్తుతీ, నీది మెత్తని మనసు, నాకు తెలుసు. ఈ ఒక్కసారికి గట్టిగా ఉండు తల్లీ. నా ముత్యాల కమ్మలు కూడా నీకే. వాటికి షరతు లేదు.

4. ఇక నా తప్పు. అన్న ఫోన్ చేసిన రోజే, షాపు ముందు టిఫిన్లు అమ్మే భీమక్క పొయ్యి మీద జావ పెట్టి, నేను టైపు చేస్తూ పైకి చదువుతుంటే వింటోంది. ఆకాశం ఈ అంచుకూ ఆ అంచుకూ వెలుతురు కూడా దాటలేనంత దూరం ఉన్నా, రెండు చోట్లా వేడి ఒకటే ఎందుకుందనే చోటు అది. అంతలో "పొంగె, పొంగె అక్కా!" అని అరిచింది. జావ పొయ్యికి రెండు వైపులా కారింది. తుడుస్తూ, "గీ ఇంతదానికి గంత చదువెందుకక్కా? అటు పడ్డదీ ఇటు పడ్డదీ ముందుగాల ఒక్క గిన్నెల్నే ఉండె. వేడి ఒక్కతీర్గనే ఉంటది" అంది. పుస్తకంలో ఆరు పేజీలు చెప్పింది అదే.

ఎనిమిదేళ్లు అన్న మీద మండిపడుతూ, భీమక్క పేరు నేను కూడా ఎవరికీ చెప్పలేదు. అందుకే షాపు గది, జిరాక్స్ మిషను భీమక్కకు రాసిస్తున్నాను. ఇక ఎండా వానా ఆమె లోపలే ఉండవలసినది. అన్న కూటంలో చెప్పవలసినవీ, పుస్తకం మొదటి పేజీలో వేయవలసినవీ ఇద్దరి పేర్లు.

5. సమాధుల తోటలో అమ్మానాన్నల పక్కన రెండు స్థలాలున్నాయి. ఒకటి నాకు, దాని పక్కది అన్నకు. అన్న షరతు తీర్చినా తీర్చకపోయినా నా రాతి మీద ఈ మాటలు చెక్కించాలి: "పొంగు అనే మాట భీమక్క నోటిది, సంపూర్ణ చేతిది." అక్షరాలు అన్న స్థలం వైపు తిరిగి ఉండాలి. ఎప్పటికైనా ఆయన వచ్చి అక్కడే పడుకోవాలి. ఆయనకు చదువుకోవడం ఇష్టం.

ఇది చదివి, సరిచూసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను. సాక్షులకు ఏమీ ఇవ్వకూడదట. చాయ్ మాత్రం పోశాను.

టేకులపల్లి, 14 నవంబరు 2025

(సంతకం) మేకల సంపూర్ణ

సాక్షులు:
1. హరిలాల్, రిటైర్డ్ పోస్ట్‌మాన్, టేకులపల్లి
2. రూప్‌సింగ్, కిరాణా షాపు, టేకులపల్లి